పలుపు కట్టిన చేతిదే మేత బాధ్యత

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఆలా సూరాను మనం జుమా నమాజుల్లో, పండుగ నమాజుల్లో తరచూ వింటుంటాం. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఆ నమాజుల్లో దాన్ని పఠించేవారు. ఆ సూరా ప్రారంభంలోనే అల్లాహ్ తన శక్తిని గుర్తు చేస్తూ, పచ్చికను మొలిపించేవాడూ తానే, ఆ తర్వాత దాన్ని నల్లబారిన చెత్తగా మార్చేవాడూ తానేనని తెలియజేశాడు. పచ్చిక ఎండిపోవడం ప్రకృతిలో అనుకోకుండా జరిగే సంఘటన కాదు. అది సృష్టికర్త ఏర్పాటు. అయితే ఆ ఎండిన నేల మీద ఒక పశువును కట్టివేసిన మనిషికి అదే ఒక పరీక్ష. నేల తన చేయి ముడుచుకున్నప్పుడు యజమాని తన చేయి చాస్తాడా, లేదా? ఈ ప్రశ్నకు రేపు ప్రళయ దినాన సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

ప్రియ పాఠకులారా! ఈ మాటలు రాయడానికి మమ్మల్ని పురికొల్పిన ఒక సంఘటనను ముందుగా మీకు చెబుతాము.

ఒక వేసవిలో మేము నమాజు చేసే మసీదు వెనక ఖాళీ స్థలంలో ఒక గుర్రం కట్టి ఉండేది. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రం. పొడవాటి పలుపు, చుట్టూ విశాలమైన బీడు. ఎప్పుడు చూసినా తల వంచి నేలను కొరుకుతూనే ఉండేది. రోజుకు ఐదుసార్లు దాని పక్కనుంచే నడిచాం. హాయిగా మేస్తోందని అనుకున్నాం. ఒక రోజు అస్ర్ నమాజు తర్వాత, పశువైద్య శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దాని ముందు ఆగిపోయారు. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆయన యజమానిని పిలిచి మేత గురించి అడిగారు.

"పొద్దస్తమానం మేస్తూనే ఉంటుంది కదా భాయ్‌సాబ్, వేరే గడ్డి ఎందుకు?" అన్నాడతను.

పెద్దాయన ఏమీ అనలేదు. నేల మీది లద్దెను కొంచెం తీసి, కోసిన ప్లాస్టిక్ సీసాలో వేసి, నీళ్లు పోసి కలిపారు. కాసేపటికి గడ్డి పీచు పైకి తేలింది. అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక పేరుకుంది. ఆ గుర్రం గడ్డి తింటోందని మనమంతా అనుకున్నాం. అది గడ్డి వేళ్లతో పాటు మట్టి తింటోంది. యజమాని ముఖం పాలిపోయింది. నిజం చెప్పాలంటే, తలలు వంచుకోవలసింది అతనొక్కడే కాదు. అల్లాహ్ ముందు సజ్దా చేయడానికి వెళుతూ, ఆయన సృష్టించిన ప్రాణి ఆకలిని చూడకుండా నడిచిన మేమందరమూ!

ఎండు నేలపై దైవప్రవక్త బోధ

అరేబియా ఎడారిలో పచ్చిక, కరువు రెండూ దైవప్రవక్త (స) ఎదుట ఉన్న వాస్తవాలే. అందుకే ఆయన బోధ ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన, సహీహ్ ముస్లిం‌లో ఉన్న ఒక హదీసు ప్రకారం, పచ్చని ప్రాంతాల గుండా ప్రయాణించేటప్పుడు ఒంటెలకు ఆ నేల నుంచి వాటి వాటాను ఇవ్వమని, కరువు నేల మీదుగా వెళ్లేటప్పుడు మాత్రం త్వరగా దాటిపోమని ఆయన ఆదేశించారు. గమనించండి! పచ్చికలో పశువుకు ఒక 'వాటా' ఉంది. అది మనం పెట్టే భిక్ష కాదు, దాని హక్కు. గడ్డి లేని నేల మీద దాన్ని నిలిపి ఉంచడం ఆ హక్కును కాలరాయడమే.

మరోసారి దైవప్రవక్త (స) వీపు కడుపుకు అంటుకుపోయిన ఒక ఒంటెను చూశారు. నోరులేని ఈ జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడండని హెచ్చరించారు. అవి మంచి స్థితిలో ఉన్నప్పుడే స్వారీ చేయాలన్నారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒక అన్సారీ తోటలో కన్నీరు కార్చిన ఒంటె ఉదంతం కూడా అందులోనే ఉంది. ఆయన దాని తల నిమిరి ఓదార్చి, యజమానిని పిలిపించి, ఆకలితో మాడ్చి చాకిరీ చేయిస్తున్నావని అది తనకు ఫిర్యాదు చేసిందని చెప్పారు.

పిల్లిని బంధించి ఆకలితో చంపి నరకానికి గురైన స్త్రీ గురించి మనలో వినని వారుండరు. ఆమె చేసిన నేరం ఏమిటో మరోసారి ఆలోచిద్దాం. ఆమె దానికి తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకమని వదిలిపెట్టనూ లేదు. స్వేచ్ఛగా ఉన్న పిల్లికి అన్నం పెట్టనందుకు ఆమెను ఎవరూ ప్రశ్నించేవారు కాదు. బంధించిన మరుక్షణం దాని ఆకలి ఆమె మెడకు చుట్టుకుంది. గుర్రం విషయం కూడా ఇంతే. కట్టు లేని గుర్రం పచ్చికను వెతుక్కుంటూ కోసుల దూరం పోగలదు. పలుపు ఎంత పొడవో దాని లోకం అంతే. ఆ లోకంలో గడ్డి అయిపోతే తెచ్చి పెట్టవలసింది పలుపు కట్టిన చేయే.

పచ్చికను కాపాడిన పాలకులు

దైవప్రవక్త (స) మదీనా సమీపంలోని నఖీ అనే పచ్చిక బయలును రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. (ఇది మదీనాలోని శ్మశానవాటిక అయిన బఖీ కాదు.) ముస్లిముల గుర్రాల కోసం ఆ పచ్చికను కాపాడారు. అరబ్బీలో ఇటువంటి ప్రాంతాన్ని 'హిమా' అంటారు.

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనా కాలంలో హిమాకు హునయ్ అనే వ్యక్తిని కాపరిగా నియమించారు. అతనికి ఆయన చేసిన ఉపదేశం సహీహ్ బుఖారీలో భద్రంగా ఉంది. కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్న పేదవారిని లోపలికి రానివ్వమన్నారు. సంపన్నులైన ఉస్మాన్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ల మందల విషయంలో జాగ్రత్త వహించమన్నారు. వారి పశువులు చనిపోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతను పిల్లలను వెంటబెట్టుకుని తన ముందుకు వస్తాడు, అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కన్నా ఇప్పుడు నీరు, గడ్డి ఇవ్వడం తనకు తేలిక అని ఆయన వివరించారు. ఎంతటి దూరదృష్టి! పేదవాని పశువుకు సకాలంలో అందిన గడ్డిమోపు ఒక కుటుంబాన్ని చేయి చాపకుండా కాపాడుతుంది.

మేత పెట్టడంలో వివేకం

జాలి మాత్రమే చాలదు, తెలివిడి కూడా కావాలి. తెలియక చేసిన మేలు ప్రాణం మీదికి తెస్తుంది. గుర్రం ఆవులాగా నెమరు వేసే జంతువు కాదు. దాని పొట్ట చిన్నది, సుమారు 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. తిన్నది సరిపడకపోతే వాంతి చేసుకునే శక్తి కూడా అల్లాహ్ దానికివ్వలేదు. అందుకే ఒకేసారి ఎక్కువ పెట్టకుండా రోజులో చాలాసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి.

బీడు ఎండినప్పుడు ప్రధాన ఆహారం దాణా కాదు, మంచి ఎండుగడ్డి. ప్రతి 100 కిలోల బరువుకు రోజుకు దాదాపు 2 కిలోల చొప్పున లెక్క వేసుకోవచ్చు. అంటే 300 కిలోల గుర్రానికి 6 కిలోలు. దాన్ని ఇసుక నేల మీద పరచకుండా తొట్టిలోనో, గోనెపట్టా మీదనో వేయాలి. ఇసుక కడుపులో పేరుకుంటే ప్రాణాంతకమైన కడుపుశూల వస్తుంది. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని బలం ఇవ్వదు, దానితోనే సరిపెట్టకూడదు. బూజు పట్టిన గడ్డి ఎంత చవకగా దొరికినా పెట్టకూడదు. వానలు లేక వాడిపోయిన లేత జొన్న పైరులో విషం ఉంటుందని మన రైతులకు తెలిసిందే. బీడులో గడ్డి కరువైనప్పుడు ఆకలిగొన్న పశువు మామూలుగా ముట్టని మొక్కలకు కూడా నోరు పెడుతుంది. కాబట్టి గన్నేరు, ఆముదం వంటి విషపు మొక్కలు పలుపు అందేంత దూరంలో ఉండకూడదు.

ఉలవలు బలమైన ఆహారమే. ఉడికించి, గడ్డి తిన్న తర్వాత కొద్దిగా పెట్టాలి. మేత ఏది మార్చినా వారం, పది రోజుల్లో నెమ్మదిగా మార్చాలి. కోళ్ల దాణా, పశువుల దాణా పెట్టవద్దు. వాటిలో కొన్నింటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం పాలిట విషం. ఇక నీరు! ఎండాకాలంలో పనిచేసే గుర్రానికి రోజుకు 30, 40 లీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అవసరం. నీరు చాలకుండా ఎండుగడ్డి తింటే అది పేగులో గడ్డకడుతుంది. చెమటతో పోయిన ఉప్పు కోసం ఉప్పుగడ్డ అందుబాటులో ఉంచాలి.

మరో ముఖ్య విషయం. బక్కచిక్కిన గుర్రాన్ని చూసి జాలితో పెళ్లి విందులో మిగిలిన అన్నం, రొట్టెలు గుమ్మరించేవారున్నారు. చాలాకాలం పస్తులున్న ప్రాణికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే చనిపోవచ్చు. దానికి మొదట గడ్డి, నీరు, కొద్దికొద్దిగా ఇవ్వాలి. పశువైద్యుని సలహా తీసుకోవాలి.

శక్తి లేకపోతే?

గడ్డి కొనే స్తోమత లేనివారు ఏం చేయాలి? ఇస్లామీ ధర్మవేత్తలు దీనికి సమాధానం చెప్పారు. పశువును పోషించడం యజమాని విధి. పోషించలేకపోతే దాన్ని పోషించగల వారికి అమ్మాలి, లేదా అప్పగించాలి. ఉంచుకుని మాడ్చే హక్కు మాత్రం అతనికి లేదు. మన దేశ చట్టం కూడా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ద్వారా, యజమాని తన జంతువుకు తగినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడాన్ని నేరంగా పరిగణిస్తుంది.

అయితే బాధ్యత అతనితోనే ఆగిపోతుందా? 2020లో లాక్‌డౌన్ వల్ల ఊరేగింపులు ఆగిపోయినప్పుడు దేశంలో ఎన్నో చోట్ల గుర్రాల యజమానులు దాణా కొనలేక అల్లాడారు. మన బరాత్‌లో ఆ గుర్రం మీద పెళ్లికొడుకును ఊరేగించింది మనమే కదా! కొన్ని గంటల వైభవానికి అద్దె చెల్లించి చేతులు దులుపుకుంటే సరిపోదు. ముహూర్తాలు లేని నెలల్లో అది ఏం తింటోందో ఎవరైనా అడిగామా? మసీదు వెనక కట్టిన ఆ గుర్రం యజమాని కూడా ఆ సాయంత్రం నెమ్మదిగా అసలు మాట చెప్పాడు. రెండు నెలలుగా ఒక్క బేరమూ లేదు, ఇంట్లో పిల్లలకు పెట్టాక గడ్డికి మిగలడం లేదు. నోరు విప్పి అడగడానికి అతనికి సిగ్గు అడ్డొచ్చింది. అడగడానికి మాకు తీరిక లేకపోయింది.

త్రాసులో తూగే గడ్డి

దైవప్రవక్త (స) గుర్రాలను పోషించేవారిని మూడు రకాలుగా వివరించారు. ఒకరికి అది పుణ్యం. మరొకరికి అది పేదరికం నుంచి కాపాడే తెర. గొప్పల కోసం పెంచే మూడోవానికి అది పాపభారం. అల్లాహ్ మార్గంలో గుర్రాన్ని పోషించినవాని విషయంలో దాని మేత, అది తాగిన నీరు, చివరికి దాని లద్దె కూడా ప్రళయ దినాన అతని పుణ్యాల త్రాసులో తూగుతాయని శుభవార్త ఇచ్చారు. పొట్టకూటి కోసం గుర్రాన్ని ఉంచుకున్నవాడు ఆ 'తెర'కు అర్హుడు కావాలంటే, ఆ గుర్రం విషయంలో అల్లాహ్ హక్కును మరవకూడదు. దానికి కడుపునిండా మేత, నీరు ఇచ్చి, స్వారీలో దయ చూపడం కూడా ఆ హక్కులోనిదేనని కొందరు ధర్మవేత్తలు వివరించారు. సహాబీ తమీమ్ దారీ (రజి) తన గుర్రానికి పెట్టే బార్లీ గింజలను స్వయంగా తన చేతులతో శుభ్రం చేసేవారు. ఇంట్లో మనుషులున్నా ఆ పనిని వారికి వదిలేవారు కాదు. ప్రతి గింజకూ పుణ్యం ఉందని ఆయనకు తెలుసు.

అల్ ఆదియాత్ సూరాలో అల్లాహ్ పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణం చేసి, మనిషి తన ప్రభువు పట్ల కృతఘ్నుడని అన్నాడు. గుప్పెడు గడ్డి పెట్టిన యజమాని కోసం గుర్రం ప్రాణాలకు తెగించి పరుగెడుతుంది. అన్నీ ఇచ్చిన ప్రభువు కోసం మనిషి ఏం చేస్తున్నాడు? ఆ ప్రభువు సృష్టించిన గుర్రానికి గుప్పెడు గడ్డి కూడా కరువు చేస్తున్నాడు!

ఆ సాయంత్రమే మగ్రిబ్ తర్వాత నలుగురం కలిసి కొన్ని గడ్డిమోపులు తెప్పించాం. బీడులో ఉన్న గుర్రాన్ని చెట్టు నీడలోకి మార్చాం. అది పూర్తిగా కోలుకోవడానికి వానాకాలం దాకా పట్టింది. సోదర సోదరీమణులారా! మీ వీధిలో, మీ మసీదు దారిలో కూడా ఎండిన నేలపై కట్టిన ఒక ప్రాణి ఉండవచ్చు. అది మేస్తోందని అనుకుని సాగిపోకండి. ఒక్కసారి ఆగి, దాని డొక్కల వైపు చూడండి. దాని యజమానిని పలకరించండి.

మూగజీవాల ఆకలిని గుర్తించే హృదయాన్ని, గుర్తించాక చేయి చాపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.