సెల్ మీద రాసిన అంకె

మా నాన్న టంగుటూరు దగ్గర పొగాకు రైతు. బ్యారన్ కాల్చి, ఆకు గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలానికి తోలితే వచ్చిన డబ్బుతో నేను చదువుకున్నాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఒక వేప్ షాపులో పనిచేస్తున్నాను. సిగరెట్టు మానలేనివాళ్లకు పొగ బదులు ఆవిరి పీల్చే పరికరాలు, వాటిలో వేసే రీఛార్జబుల్ సెల్‌లు అమ్ముతాను. మన దేశంలో 2019లో వచ్చిన చట్టం ఈ పరికరాల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. "ఇక్కడ నేరమైంది అక్కడ ధర్మం ఎట్టా అవుద్దిరా?" అని అమ్మ ఫోన్లో అడిగింది. పొగాకు మీద బతికిన ఊళ్లో మనిషి అడిగిన ప్రశ్న అది. దాన్ని దాటేసి పోవడం నావల్ల కాలేదు.

ముందు సరుకు సంగతి చెప్పాలి. నేను అమ్మే సెల్‌ను 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం అయాన్ సెల్. కొనడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎంఏహెచ్ ఎంత?" అని, అంటే ఎంతసేపు వస్తుందని. వేప్‌కు అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది: ప్రమాదం లేకుండా, ఆగకుండా అది ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు అన్నది. ఈ రెండూ ఒకదాన్నొకటి తింటాయి. డబ్బా కొలత మారదు కదా. లోపల చుట్టిన రేకుల మీద రసాయన పూత మందంగా ఉంటే నిలవ ఎక్కువ, కానీ కరెంటు వేగంగా బయటికి రాలేదు. పూత పల్చగా వేసి రేకు ఎక్కువ చుట్లు చుడితే వేగం వస్తుంది, నిలవ తగ్గుతుంది. అందుకే శామ్‌సంగ్ 25ఆర్ నిలవ 2500 ఎంఏహెచ్ అయినా 20 ఆంపియర్లు ఇస్తుంది; 3500 ఎంఏహెచ్ సెల్‌లు చాలావరకు 10 ఆంపియర్ల దగ్గర ఆగిపోతాయి. 9900 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్మే 18650లు కూడా ఉన్నాయి. అది పచ్చి అబద్ధం. ఆ డబ్బాలో అంత పట్టదు.

హద్దు తెలియకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. నిండుగా ఛార్జ్ అయిన సెల్‌లో 4.2 వోల్టులు ఉంటాయి. ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట, అంటే కాయిల్, 0.15 ఓమ్ అయితే, మధ్యలో ఏ రక్షణ సర్క్యూటూ లేని మెకానికల్ మాడ్ అనే రకం పరికరం 28 ఆంపియర్లు లాగుతుంది. సర్క్యూట్ ఉన్న పరికరంలో లెక్క ఇంకో రకం. 80 వాట్లు పెట్టుకుంటే సెల్ నిండుగా ఉన్నప్పుడు 19 ఆంపియర్లు చాలు, వోల్టేజీ 3.2కు దిగేసరికి 25 కావాలి. ఖాళీ అయ్యేకొద్దీ సెల్ మీద భారం పెరుగుతుందన్నమాట. హద్దు దాటిన సెల్ కాగిపోతుంది, లోపలి వాయువు పైనున్న రంధ్రాల గుండా తన్నుకొస్తుంది, దానికి దారి లేకపోతే పరికరమే పేలుతుంది. 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో వేప్ పరికరాలు పేలి మనుషులు చనిపోయారు. ఇది చాలదన్నట్టు, సెల్ ఒళ్లంతా నెగెటివే. పాజిటివ్ కొస దగ్గర పల్చటి ప్లాస్టిక్ తొడుగు, ఒక చిన్న రింగు, అంతే అడ్డు. విడి సెల్‌ను తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకుంటే షార్ట్ అయి తొడ కాలుతుంది.

కొనేవాళ్లకు ఇవేవీ కనపడవు. కొందరు వ్యాపారులు నాసిరకం సెల్‌లు కొని, సొంత పేరుతో తొడుగు వేసి, కొన్ని సెకన్లు మాత్రమే ఇవ్వగల అంకెను ఎప్పుడూ ఇచ్చే అంకెలాగా అచ్చేస్తారు. పాలలో నీళ్లు కలిపితే నాలుక పసిగడుతుంది. సెల్ మీది అబద్ధాన్ని పసిగట్టే ఇంద్రియం మనిషికి లేదు. అది బయటపడే క్షణానికి ఆ సెల్ అతని నోటికి జానెడు దూరంలో ఉంటుంది. సెల్ ఎంచుకోవడమంటే నా దృష్టిలో ఎవరిని నమ్మాలో ఎంచుకోవడమే.

అమ్మేవాడి ధర్మం గురించి మాట్లాడే వర్తకులు భారతంలో ఇద్దరున్నారు. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు అరణ్యపర్వంలో వస్తాడు, మా ఒంగోలు ప్రాంతపు ఎర్రన తెనిగించిన భాగంలో. తాను చంపనని, తిననని, ఇతరులు చంపి తెచ్చినదాన్ని అమ్ముతానని తన దగ్గరికి వచ్చిన కౌశికుడనే బ్రాహ్మణుడితో అంటాడు. తల్లిదండ్రుల సేవలో, నిగ్రహంలో ఆయన ఎంతో పైనున్నవాడు. అయినా "నా చెయ్యి పడలేదు" అన్న జవాబు నాకు చాలదు. మా ఇంట్లోనూ అదే అనుకునేవాళ్లం: మనం ఆకు పండిస్తాం, తాగేది వాళ్లు. నాన్న ఏనాడూ చుట్ట ముట్టలేదు. ఆయన్ను తప్పుపట్టడం నావల్ల కాదు, ఆ ఆకుతో మనకేం సంబంధం లేదనడమూ నావల్ల కాదు.

శాంతిపర్వంలోని తులాధారుడు కాశీలో సరుకులమ్ముకునేవాడు. తపోగర్వంతో వచ్చిన జాజలికి అతను చెప్పినదాంట్లో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి. రకరకాల రసాలు అమ్ముతాను గాని మద్యం అమ్మను అంటాడు. అమ్మేది కపటం లేకుండా అమ్ముతాను అంటాడు. మొదటిదాంట్లో నేను నెగ్గలేను. నికోటిన్ మనిషిని కట్టేసే పదార్థం, దాని చోటు మద్యం పక్కనే. రెండోదాంట్లో నిలబడగలను.

మా షాపుకు వచ్చేవాళ్లలో ముప్ఫై ఏళ్లు సిగరెట్లు కాల్చిన లారీ డ్రైవరు ఒకాయన ఉన్నారు. సిగరెట్టుతో పోలిస్తే వేప్ హాని సుమారు 95 శాతం తక్కువని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ 2015లో అంచనా వేసింది. ఆ అంకె మీద వాదనలు జరిగాయి, ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ మాత్రం సిగరెట్టు మానేందుకు వేప్‌ను ఒక దారిగా చెబుతూనే ఉంది. ఆయన అలవాటు నాకు నచ్చదు. కానీ నచ్చని పని చేస్తున్న మనిషి ముఖం కాలకుండా చూడటం ఆ పనిని మెచ్చుకోవడం కాదు. అహింస మంచి అలవాట్లున్నవాళ్లకే దక్కాలని ఎక్కడా లేదు. అందుకే కాయిల్ ఎంతో అడిగి, మీటర్ మీద పెట్టి చూశాకే సెల్ తీస్తాను. మెకానికల్ మాడ్‌కు ఎంఏహెచ్ ఎక్కువున్నదే కావాలని పట్టుబడితే ఇవ్వను. రెండు సెల్‌ల పరికరమైతే రెండూ కలిపి కొని, కలిపి వాడి, కలిపి ఛార్జ్ చెయ్యమంటాను. జేబులో పెట్టుకోవడానికి ప్లాస్టిక్ డబ్బా ఊరికే ఇస్తాను.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. పేరున్న కంపెనీలే ఈ సెల్‌లు విడిగా వాడడానికి కాదు, రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాక్‌లలో వాడడానికే అంటున్నాయి. విడి 18650లు కొనొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021లో హెచ్చరించింది. ఇది దాచి మిగిలినవన్నీ చెప్పినా కపటమే. అందుకే చెబుతాను. విని, బ్యాటరీ లోపలే బిగించి ఉన్న పరికరం తీసుకుపోయినవాళ్లున్నారు.

తేలనిది ఒకటి మిగిలింది. 18 ఏళ్లు నిండితే ఇక్కడ చట్టం అమ్మనిస్తుంది. సిగరెట్టు ఎన్నడూ ముట్టని కుర్రాడు స్నేహితుల్ని చూసి వస్తాడు. అతని విషయంలో తగ్గించడానికి అంతకుముందు హాని ఏదీ లేదు, మొదలుపెట్టేది నేనే అవుతాను. ఎంత మంచి సెల్ ఇచ్చినా, ఎంత నిజం చెప్పినా అది మారదు. వద్దని చెప్పి పంపిస్తాను. వినకపోతే పక్కన నిలబడ్డ అబ్బాయి అమ్ముతాడు. నా చెయ్యి పడలేదు అనుకోవడానికి అప్పుడు నాకు వీలుంది, కానీ ఆ జవాబు చాలదని అనుకున్నవాణ్ని నేనే. పొగ తాగనివాళ్లకు అసలు అమ్మొద్దని షాపు యజమానిని అడిగాను. ఆలోచిస్తానన్నారు. ఆయన కాదంటే నేనీ పనిలో ఉండాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాలి.