ఎర్ర గీత గీసే ముందు

ఇంగ్లీషు కాస్త బాగా వచ్చిన పిల్లలకు మేము ఒక అభ్యాసం ఇస్తుంటాం. ఒక పేరా చేతికిచ్చి, "ఇందులో పది తప్పులున్నాయి, పట్టుకోండి" అంటాం. ఒకచోట 'ది' ఉండదు. ఒకచోట 'డిస్కస్' పక్కన అక్కర్లేని 'అబౌట్' ఉంటుంది. ఇంకోచోట కర్త ఏకవచనం, క్రియ బహువచనం. పిల్లలు వాగులో చేపలకు దిగినట్టు దిగుతారు. పదీ దొరికితే ఆ రోజు పండగే. మేమూ అలాగే నేర్చుకున్నాం, అలాగే నేర్పుతున్నాం.

ఒకసారి అచ్చు పేరా బదులు పిల్లలు రాసిన వ్యాసాలతోనే ఈ పని చేయించాం. డిగ్రీలో చేరబోతున్న ఒక అమ్మాయి ఇప్పపూల కాలం గురించి రాసింది. చీకటితోనే లేవడం, చెట్టు కింద ఊడ్చి ఉంచిన నేల, బుట్ట నిండే దాకా వంగిన నడుము, అన్నీ ఉన్నాయి అందులో. మధ్యలో ఒక వాక్యం: "మై టూ మదర్స్ అండ్ ఐ గో టు అవర్ ఫారెస్ట్." మేము 'టూ మదర్స్' కొట్టేసి 'మై మదర్ అండ్ మై ఆంట్' అని రాశాం. 'అవర్' కొట్టేసి 'ది' పెట్టాం. ఆ గీతలు గీసింది వేరెవరో కాదు, మేమే.

ఆ అమ్మాయి కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, "సార్, ఆవిడ నాకు ఆంట్ కాదు. అమ్మే" అంది.

ఈ వ్యాసం ఆ మాటతోనే మొదలైంది. ఒకరు రాసిన దాన్ని దిద్దే హక్కు మనకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ హక్కు ఎక్కడ ఆగాలి?

ఈ ప్రశ్నకు తేలిక జవాబులు రెండు ఉన్నాయి. మొదటిది: భాష వాళ్లది, నియమాలు వాళ్లవి, మనకు ఇష్టాయిష్టాలు లేవు, కనిపించిన ప్రతి తేడానూ కొట్టేయాలి. రెండోది: దిద్దడమే పెత్తనం, పిల్లలు ఎలా రాస్తే అలా వదిలేయాలి. మొదటి జవాబు చెప్పేవారికి పిల్లవాడు ఏం చెప్పదలిచాడో వినే పని ఉండదు. రెండో జవాబు చెప్పేవారికి కాగితం మీద కూర్చుని కష్టపడే పని ఉండదు. రెండూ గురువుకు సుఖమే. నష్టపోయేది పిల్లవాడు.

వదిలేస్తే జరిగే నష్టం మనకు బాగా తెలుసు. కుల ధ్రువపత్రంలో ఒక అక్షరం, మార్కుల జాబితాలో ఇంకో అక్షరం పడితే కాలేజీ సీటు కోసం మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో ఈ పుస్తకం చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు. ఇది ఒక్క మనిషి గొడవ కూడా కాదు. మన పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగల జాబితాలో 'ధన్వార్' అన్న పేరుంది. అదే తెగవారిని ధనుహార్ అని, ధనువార్ అని కూడా రాస్తారు. ఆ రూపాలు జాబితాలోకి రావడానికి 2023లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. ఒకటి రెండు అక్షరాల తేడాను సరిచేయడానికి దేశపు అత్యున్నత సభ కూర్చోవలసి వచ్చిందంటే, అక్షరం చిన్న విషయం కాదు. దరఖాస్తులో, అప్పీలులో, ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలో పిల్లవాడి తప్పును చూసీ చూడనట్టు వదిలేయడం దయ కాదు. మనం వదిలేసిన తప్పుకు బయటివాడు మార్కులు తీసేస్తాడు.

కాబట్టి దిద్దాలి. కానీ దిద్దేవారికి ముందు తప్పుల జాతులు తెలియాలి.

ఎస్. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఒక వ్యాసం రాశాడు. నేర్చుకునేవారి తప్పులకు ఏం విలువ ఉందన్నది దాని విషయం. ఆయన రెండు రకాలు వేరు చేశాడు. ఒకటి జారుపాటు: అలసటలోనో తొందరలోనో దొర్లేది, చూపిస్తే రాసినవారే దిద్దుకోగలిగేది. రెండోది అలాంటిది కాదు. నేర్చుకునేవారు తమ మనసులో కట్టుకున్న ఒక పద్ధతి నుంచి వచ్చేది. దాన్ని చూస్తే వారు భాషలో ఎంతవరకు వచ్చారో గురువుకు తెలుస్తుంది. అడవిలో అడుగుజాడలాంటిది అది. జాడను చెరిపేస్తే మనిషి ఎటు వెళ్లాడో తెలియదు.

మన పిల్లల జాడలు చూడండి. తెలుగులో ఇంగ్లీషు 'ది'లాంటి మాట లేదు. అందుకే ఎంత చదివినవారికైనా ఆ ఒక్క మాట చివరిదాకా సతాయిస్తుంది. 'నువ్వు రావా?' అని అడిగితే మనం 'ఆఁ, రాను' అంటాం. అడిగినవాడి మాటతో ఒప్పుకుంటున్నామని ఆ 'ఆఁ'కు అర్థం. ఇంగ్లీషులో అక్కడ 'నో' రావాలి. మన పిల్లవాడు 'యెస్, ఐ యామ్ నాట్ కమింగ్' అంటే తరగతి నవ్వుతుంది. సవర పిల్లలు 'హి', 'షి' తారుమారు చేస్తారని కొందరు టీచర్లు విసుక్కుంటారు. సవర ముండా కుటుంబపు భాష. అందులో మనిషిని చెప్పే సర్వనామానికి ఆడ, మగ తేడా లేదు. ఆ పిల్లవాడికి తెలివి తక్కువై తారుమారు చేయడం లేదు. తన భాష ఎప్పుడూ అడగని ప్రశ్నను ఇంగ్లీషు ప్రతి వాక్యంలోనూ అడుగుతోంది, అంతే. ఈ సంగతి తెలిసిన టీచరు అదే తప్పును దిద్దుతారు, కానీ గొంతు వేరుగా ఉంటుంది.

దిద్దడం వల్ల అసలు మేలు జరుగుతుందా అని కూడా పండితులు వాదించుకున్నారు. రాతలో వ్యాకరణం దిద్దడం పనికిరాదు, పైగా చేటు చేస్తుంది, మానేయాలి అని జాన్ ట్రస్కాట్ 1996లో రాశాడు. ఏరి, స్పష్టంగా దిద్దితే మేలేనని డేనా ఫెరిస్ 1999లో జవాబిచ్చింది. మా అనుభవంలో పేజీ నిండా ఎర్రబడిన కాగితాన్ని ఏ పిల్లవాడూ రెండోసారి చదవడు. మడిచి పుస్తకంలో పెట్టేస్తాడు. మూడు తప్పులు చూపించి, ఎందుకో చెప్పిన కాగితాన్ని మాత్రం మళ్లీ పట్టుకుని వస్తాడు.

ఇక మూడో రకం ఉంది. చూడటానికి తప్పులా ఉంటుంది, కానీ తప్పు కాదు. ఇప్పపూల అమ్మాయి వాక్యం అలాంటిది. అమ్మ అక్క మనకు పెద్దమ్మ, అమ్మ చెల్లెలు చిన్నమ్మ. ఆ మాటల్లోనే అమ్మ ఉంది. నాన్న తోబుట్టువు మేనత్త. ఆమె పిల్లలు మనకు వరసవుతారు, పెద్దమ్మ పిల్లలు తోబుట్టువులవుతారు. ఇంగ్లీషు 'ఆంట్' ఈ ఇద్దరినీ ఒకే చాపమీద కూర్చోబెడుతుంది. వ్యాకరణం ప్రకారం 'టూ మదర్స్'లో దోషమేమీ లేదు. మేము దిద్దింది ఆ అమ్మాయి ఇంగ్లీషును కాదు, ఆమె చుట్టరికాన్ని. 'అవర్ ఫారెస్ట్' సంగతి ఇంకా పెద్దది. 'అవర్' తీసి 'ది' పెడితే అడవి ఎవరిదీ కాకుండా పోయింది. అడవితో ఆదివాసీల బంధాన్ని గుర్తించకపోవడం చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. చట్టం ఒప్పుకున్నదాన్ని మేము ఎర్ర సిరాతో కొట్టేశాం.

కలుపు తీసేవారికి ముందు పైరు తెలియాలి. పోడు చేనులో సామ, కొర్ర, కంది కలిసి మొలుస్తాయి. ఒకే పంట వేసిన పొలం తప్ప మరోటి చూడనివాడు ఆ చేలో దిగితే సగం పంటను కలుపని పీకేస్తాడు. దిద్దేవారు చాలాసార్లు ఆ మనిషిలాగే ఉంటారు.

'అలాంటప్పుడు ప్రతి తప్పునూ మా సంస్కృతి అని వదిలేయమంటారా?' అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. 'హి గో' అన్నది సంస్కృతి కాదు, దిద్దవలసిన తప్పే. తేడా ఎలా తెలుస్తుంది? మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రాసినవారిని అడగడం. 'ఇక్కడ నువ్వేం చెప్పాలనుకున్నావు?' అని అడిగితే, 'అయ్యో, పొరపాటు సార్' అన్నచోట దిద్దాలి. 'నేను చెప్పాలనుకున్నది అదే' అన్నచోట ఆగి వినాలి. ఏ మాట నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది కూడా ఎప్పుడూ వ్యాకరణం ఒక్కటే తేల్చదు. 'ప్రీపోన్' అన్న మాటను మన దేశంలోని ఆఫీసులు వాడీ వాడీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కించాయి. ఆఫీసు మాటకు నిఘంటువులో చోటు దొరికింది. ఊరి మాటకు మార్జిన్‌లో ఎర్ర సున్నా దొరుకుతోంది.

ఇంకొక తప్పు ఉంది. దాన్ని మన అభ్యాసాలు ఎప్పుడూ వెతకమని చెప్పవు. వ్యాకరణం శుద్ధంగా ఉండి, అర్థం అన్యాయమైన వాక్యం అది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వంటి సమాజాలు ఆ ముద్ర మోశాయి. పుట్టుకతోనే మనుషులను నేరస్థులుగా లెక్కగట్టిన ఆ చట్టం కర్త, క్రియ పొందికను చూసి దిద్దే పరీక్షలో ఏ మార్కూ పోగొట్టుకోదు. దాన్ని కొట్టేయడానికి 1952 దాకా పట్టింది. ఇంగ్లీషులో పైస్థాయికి వచ్చిన మన యువత నేర్చుకోవలసిన ప్రూఫులు దిద్దడం ఇదీ. గెజిటీరులో, పాఠ్యపుస్తకంలో, వార్తలో మన గురించి రాసిన చక్కని వాక్యాన్ని చదివి, 'ఇందులో తప్పెక్కడుంది?' అని అడగగలగడం. అది అడగాలంటే 'ది', 'ఎ' తేడా కూడా తెలిసి ఉండాలి. నియమం తెలియనివాడి అభ్యంతరాన్ని ఎవరూ వినరు. మేము దిద్దడాన్ని గట్టిగా పట్టుకోవడానికి అసలు కారణం ఇదే.

ఇక్కడ గిడుగు రామమూర్తిని తలుచుకోవాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే మనిషి, సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పూనుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. అదే మనిషి తెలుగులో వాడుక భాష కోసం పోరాడాడు. గ్రాంథికమే సరైన తెలుగని వాదించిన పండితుల రాతల్లోనే గ్రాంథికపు తప్పులు ఎత్తి చూపించాడు. ఆయనకు ఆ అధికారం ఎక్కడిది? రెండు వైపులా నేర్చుకోవడం వల్ల వచ్చింది. నియమాన్నీ చదివాడు, మాట్లాడేవారి నోటినీ విన్నాడు. దిద్దే హక్కుకు ఇంతకన్నా మంచి ఆధారం మాకు కనిపించలేదు.

అందుకే ఇప్పుడు మా పని తీరు మార్చుకున్నాం. కాగితం మొదటిసారి చదివేటప్పుడు చేతిలో కలం పట్టుకోం. ముందు పిల్లవాడు చెప్పిన సంగతికి జవాబుగా ఒక మాట రాస్తాం. రెండోసారి ఒక రకం తప్పులే చూస్తాం: ఈ వారం క్రియలు, వచ్చే వారం 'ది', 'ఎ'. తప్పు ఉన్న వరస పక్కన చిన్న గీత పెట్టి ఊరుకుంటాం. తప్పేదో వాళ్లే వెతుక్కుంటారు. తమ రాతను తాము దిద్దుకునేటప్పుడు చివరి వాక్యం నుంచి వెనక్కి, పైకి వినపడేలా చదవమంటాం. అర్థం వెంట పరుగెత్తే కన్ను దాటేసిన తప్పును చెవి పట్టేస్తుంది. ప్రతివారికీ ఒక తప్పుల నోటుబుక్కు ఉంటుంది. అందులో తప్పు, సరి, ఎందుకు అనే మూడు వరుసలతో పాటు నాలుగోది కూడా ఉంటుంది: 'మా భాషలో ఇది ఎలా అంటాం?' ఆ నాలుగో వరుస నింపేటప్పుడు పిల్లలు మాకు గురువులవుతారు. వాళ్ల భాషలో మేము పలికే మాటలు వాళ్లు దిద్దుతారు, నవ్వుతారు. ఎర్ర గీత కింద కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు మాకు అర్థమవుతుంది.

ఇన్ని మాటలూ 'మేము' అంటూ రాశాం. తెలుగులో 'మేము' అంటే వినేవారు బయట ఉంటారు, 'మనం' అంటే లోపలికి వస్తారు. కుయి, కువి భాషల్లోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ 'వి' ఒక్కటే. దిద్దేవారు, దిద్దించుకునేవారు చాలాకాలం మేము, మీరుగా ఉన్నారు. కలిసి ఒక కాగితం మీదకు వంగినప్పుడు మనం అవుతాం.

ఆ అమ్మాయి వాక్యం చివరికి ఇలా తేలింది. 'గో' తీసి 'వెంట్' పెట్టింది, ఎందుకంటే ఆమె చెబుతున్నది నిరుటి సంగతి. ఆ తప్పు ఆమే పట్టుకుంది, మేము మా గీతల తొందరలో దాన్ని చూడనే లేదు. 'అవర్' తిరిగి వచ్చింది. 'మై టూ మదర్స్' పక్కన కామా పెట్టి, 'నన్ను కన్న అమ్మ, ఆమె చెల్లెలు' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో నాలుగు మాటలు చేర్చింది. ఇప్పుడు ఏ ఊరివారు చదివినా అర్థమవుతుంది. అమ్మలిద్దరూ అమ్మలుగానే ఉన్నారు.