పరదా అవతలి సీటు

లోకంలో సుఖపడేవాడెవడని యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు రాజుల పేర్లు చెప్పలేదు, మునుల పేర్లూ చెప్పలేదు. పొద్దు వాలాకనైనా సరే, సొంతింట్లో ఇంత కూరాకు వండుకుని తినేవాడు, అప్పు లేనివాడు, ఇల్లు వదిలి పరాయిచోట ఉండే అగత్యం లేనివాడు అన్నాడు. ఆ లెక్కన డాలస్‌లోనో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరో పిల్లలున్న మన తల్లిదండ్రులు సుఖుల జాబితాలో ఒక షరతు ఎప్పుడో తప్పారు. పురుడనో, గృహప్రవేశమనో పెట్టె సర్దక తప్పదు. అప్పు లేకపోవడమన్న షరతు ఒకటి మిగిలింది కదా అనుకుంటే, దానికి ఎసరు పెట్టడానికి ప్రయాణం దగ్గర పడుతుండగా విమాన సంస్థ నుంచి ఒక మెయిల్ వస్తుంది.

ఇంకాస్త కడితే వెడల్పాటి సీటు, మరికాస్త కడితే కాళ్లు చాపుకుని పడుకునే సీటు. కొన్ని సంస్థలు ధర కూడా చెప్పవు, మీరే వేలం పాడుకోండంటాయి. ఫోన్‌లో ఒక గీత కనిపిస్తుంది. వేలితో దాన్ని కుడికి జరిపేకొద్దీ మొత్తం పెరుగుతుంది, మీ పాటకు బలం వస్తోందని రంగు మారుతుంది. అవతల ఎవరు పాడుతున్నారో తెలియదు, అసలు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. అయినా వేలు కుడికే పోతుంటుంది.

ఇది డబ్బు సలహాల పేజీలో రావాల్సిన సంగతి కదా, ధర్మం గురించిన మాటల్లో దీనికేం పని అంటారేమో. భగవద్గీత పదిహేడో అధ్యాయం తెరిచి చూడండి. యుద్ధం మొదలుకాబోతున్న వేళ రథం మీద కూర్చుని కృష్ణుడు పులుపూ ఉప్పూ కారం శ్రుతిమించిన తిండి గురించి కూడా మాట్లాడాడు. అంత చిన్న విషయాలు ఆయనకు అడ్డు కాలేదు. ఆ అధ్యాయంలోనే దానం సంగతీ ఉంది. ఇవ్వవలసింది కనుక ఇస్తున్నానని, తగిన చోట, తగిన వేళ, తగినవారికి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది సాత్త్వికం. లోపల గింజుకుంటూ, వచ్చే లాభం లెక్కేసుకుంటూ ఇచ్చేది రాజసం. వేళాపాళా లేకుండా, పుచ్చుకునేవారిని చిన్నచూపు చూస్తూ పడేసేది తామసం. ఈ కొలత ఎదుటివారికి ఇచ్చేదాని కోసం చెప్పింది. మనకు మనం ఇచ్చుకునేదానికీ ఇదే కొలత పెట్టవచ్చని నాకనిపిస్తుంది. దేశం, కాలం, పాత్ర.

ముందు చోటు చూద్దాం. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవారిలో చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారతారు. గల్ఫ్ దాకా నాలుగు గంటల పైచిలుకు. అక్కడి నుంచి అమెరికా పడమటి తీరానికి 16 గంటలకు అటూ ఇటూ. సీటు పెంచుకునే అవకాశం సాధారణంగా ఒక్కో విమానానికి విడిగా ఇస్తారు. గల్ఫ్ దాకా చౌకగా వస్తోందని అక్కడ కొనుక్కునేవారున్నారు. భోజనం పెట్టి, పళ్లెం తీసి, దుప్పటి కప్పుకునేలోపు దిగే వేళవుతుంది. ఆ తర్వాత 16 గంటలూ మోకాళ్లు ముందు సీటుకు ఆనించి కూర్చోవడమే. వాళ్లు ధర చూశారు, ఒంటికి ఎక్కడ కావాలో చూడలేదు.

వేళ సంగతి ఇంకొంచెం చిక్కు. రాత్రి విమానంలో పడక పడకలా పనికొస్తుంది. పగటి విమానంలో సినిమాలు చూడటానికి పనికొస్తుంది. దిగాక ఎదురుచూసే పని ఏమిటన్నది అంతకంటే ముఖ్యం. దిగిన రోజే కూతురు ఆస్పత్రిలో ఉంటే, మనవడిని చేతుల్లోకి తీసుకోవాల్సిన అమ్మమ్మకు ఆ రాత్రి నిద్ర అవసరమే. కొడుకింట్లో వారం రోజులు సోఫాలో కూర్చుని తేరుకునే వీలున్నప్పుడు లెక్క వేరు. శాన్ ఫ్రాన్సిస్కోకీ మనకీ వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటల తేడా. ముందు వరసలో పడుకుని వెళ్లినా సరే, అక్కడ దిగిన రాత్రి రెండింటికి లేచి వంటింట్లో లైటు వేయక తప్పదు.

ఇక పాత్ర. ఇక్కడే మనవాళ్లకు బాగా తడబాటు. ఒంటి కోసం ఖర్చు పెట్టడమంటే భోగమని, ఒంటిని కష్టపెట్టడమంటే పుణ్యమని ఒక లెక్క మనలో పాతుకుపోయింది. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి రాలిన ఆకులు కూడా మానేసి తపస్సు చేస్తుంటుంది. శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి కుశలం అడుగుతూ ఆమెకు ఒక ప్రశ్న వేస్తాడు. నీ శక్తికి లోబడే తపస్సు చేస్తున్నావు కదా అని. ధర్మం ఏది చేయాలన్నా ముందు కావలసింది ఈ శరీరమే కదా అని. ఆమెను పరీక్షించడానికి వచ్చినవాడే ఆ మాట అన్నాడు. గీత కూడా, శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని కృశింపజేసేవారిని మెచ్చుకోలేదు. వాళ్లలో దంభం, అహంకారం ఉన్నాయంది.

అయితే శరీరం పేరు చెప్పి కోరికను దొడ్డిదారిన లోపలికి తేవడమూ మనకు చేతనవును. కాళ్లలో రక్తం గడ్డకడుతుందట, బిజినెస్ క్లాసే క్షేమమట అంటుంటారు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన చెప్పింది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. బస్సులో, రైల్లో, కారులో కూర్చున్నా అంతే. అంటే కారణం కదలకపోవడం. పరుపు మీద పదిగంటలు కదలకుండా పడుకున్నవారి కంటే, నడవా పక్క సీటులో కూర్చుని గంటకోసారి లేచి తిరిగేవారే ఒంటికి ఎక్కువ మేలు చేసుకున్నట్టు. మోకాలి ఆపరేషన్ అయినవారు, నడుం సమస్య ఉన్నవారు, ఇదివరకు రక్తం గడ్డకట్టినవారు డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి. వాళ్లకు కాలు చాపే చోటు విలాసం కాదు. సాధారణ తరగతిలో సీటు వీపుకూ ముందు సీటు వీపుకూ మధ్య 31, 32 అంగుళాలుంటుంది. ప్రీమియం ఎకానమీలో సుమారు 38 అంగుళాలు ఇస్తారు. పూర్తిగా వంగని మోకాలికి ఆ ఆరేడు అంగుళాలే కావాలి. అందరికీ పడకే అక్కర్లేదు.

ఏ తరగతిలో ప్రయాణించాలన్న ప్రశ్నను గాంధీ మోసినంత కాలం మన దేశంలో ఇంకెవరూ మోసి ఉండరు. 1902లో కలకత్తాలో గోఖలే ఇంట్లో నెలరోజులుండి, రాజ్‌కోట్‌కు మూడో తరగతిలో బయల్దేరాడు. ఆ తరగతి ప్రయాణికుల అవస్థలు స్వయంగా తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం. గోఖలే మొదట నవ్వాడు. విషయం విన్నాక ఒప్పుకుని, పూరీలు, లడ్డూలు పెట్టిన డబ్బా ఇచ్చి, స్టేషన్ దాకా వచ్చి సాగనంపాడు. నువ్వు మొదటి తరగతిలో వెళ్తుంటే రాకపోదును, ఇప్పుడు మాత్రం రావాల్సి వచ్చిందని ఆయన అన్నట్టు గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. అదే పుస్తకంలో, 1918-19 నాటి పెద్ద జబ్బు తర్వాత మూడో తరగతి ప్రయాణాలు దాదాపు మానుకోవలసి వచ్చిందని, అది తనకు బాధగా, సిగ్గుగా ఉంటోందని కూడా రాశాడు.

నన్ను ఆలోచింపజేసేది ఈ రెండో మాటే. ఒళ్లు మొరాయించినప్పుడు ఆయన పై తరగతికి మారాడు, పంతానికి పోలేదు. మారినందుకు గొప్పగా అనుకోలేదు, సాకులూ వెతుక్కోలేదు. సిగ్గుపడనక్కర్లేని చోట సిగ్గుపడ్డాడని మనకు అనిపిస్తే అనిపించవచ్చు. కానీ ఎందుకు కింది తరగతిలో కూర్చున్నాడో, ఎందుకు పై తరగతికి మారాడో రెండూ ఆయనకు తెలుసు. మనలో చాలామందికి ఆ రెండూ తెలియవు. అందుకే డబ్బు కట్టినా మనశ్శాంతి ఉండదు, కట్టకపోయినా ఉండదు.

కట్టి గింజుకునేవారిని గమనించారా? గంటకెంత పడిందో భాగహారం చేస్తారు. నిద్ర వస్తున్నా, డబ్బు గిట్టాలని లేచి మూడోసారి పండ్లరసం అడుగుతారు. పడక పరిచింది కానీ పడుకున్నది వాళ్లు కాదు, వాళ్ల పద్దుపుస్తకం. లోపల గింజుకుంటూ ఇచ్చేది రాజసమన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అలా గింజుకునే స్వభావమని తెలిస్తే కట్టకపోవడమే మేలు. ఇక కట్టనివారు వెనక సీటుకు నడుస్తూ, అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చున్నవారిని ఒక్కొక్కరినే చూసుకుంటూ పోతారు. ఆ తర్వాత మధ్యలో పరదా వేసేస్తారు. పరదా అవతల ఏం పెడుతున్నారోనని 16 గంటలు ఊహించుకోవడం మాత్సర్యం. దానికి టికెట్టులో విడిగా చార్జీ పడదు గానీ, పడితే బాగుండేది.

వేలం పాటకూ, కౌంటర్ దగ్గర చివరి నిమిషంలో ఇంతకే ఇస్తామనే బేరానికీ మందు ఒకటే. ఇంట్లో, అన్నం తిన్నాక, ఎవరూ తొందరపెట్టని వేళ ఒక అంకె అనుకోవాలి. అంతవరకే, అంతకు రూపాయి మించదు. ఆ డబ్బు చేతిలో ఉన్నది కావాలి, కార్డు మీద వాయిదాల్లో తేవాల్సింది కాకూడదు. పాడుకుని ఎక్కినవారికి సామాను పరిమితి చాలా సంస్థల్లో పాత టికెట్టుదే ఉంటుంది, అదీ ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకో చిన్న పరీక్ష: ఆ సీటులో కాళ్లు చాపుకున్న ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదని ఎవరైనా షరతు పెడితే, అప్పుడూ అదే అంకె పాడతారా?

ఇంతవరకు కోరికను అదుపులో పెట్టే మాటలయ్యాయి. కానీ మన పెద్దవాళ్లలో ఎక్కువ కనిపించే జబ్బు దీనికి ఎదురుది.

"నాన్నా, ఈసారి మీ ఇద్దరికీ బిజినెస్ చేస్తున్నా."

"ఎంతరా?"

"ఎంతైతే ఏంటి నాన్నా."

"వద్దు. ఆ డబ్బు పాప పేరున వెయ్యి. మాకేం, కూర్చుంటే తెల్లారిపోతుంది."

ఈ సంభాషణ ఎన్ని ఇళ్లలో జరుగుతుందో! తండ్రి గొంతులో వినిపించేది వైరాగ్యమేనా? కొన్నిసార్లు అవును. కొన్నిసార్లు అది లోభం కట్టుకున్న కాషాయం. జీవితమంతా కూడబెట్టడం అలవాటైన చేతికి పుచ్చుకోవడం రాదు. భర్తృహరి ధనానికి మూడు దారులన్నాడు: ఇవ్వడం, అనుభవించడం, లేదా నశించిపోవడం. ఇవ్వకా, అనుభవించకా దాచినదానికి మూడో దారే. కొడుకు అప్పు చేసి కొంటున్నాడేమో కనుక్కోవడం తండ్రి బాధ్యత. లేదని తేలాక కూడా వద్దంటే, అవతలివాడు ఇవ్వాల్సింది కనుక ఇస్తున్న సాత్త్విక దానాన్ని పాత్రుడే అడ్డుకున్నట్టవుతుంది. పాత్రుడిగా ఉండటం కూడా ఒక ధర్మమే. "సరేరా, చెయ్యి" అనడానికి కొందరికి డెబ్బై ఏళ్లు పడుతుంది.

ఒక్కటే పడక దొరికిందనుకోండి. నీకు చెయ్యమని ఆయన, మీకే చెయ్యమని ఆమె. తీరా ఎవరో ఒకరు ముందు, మరొకరు వెనక. ఆయన బీపీ మాత్రలు ఆమె సంచిలో ఉండిపోతాయి. ఆమెకు పక్కన తోడు ఉండరు. మధ్యలో పరదా దాటి అటూ ఇటూ తిరగనివ్వరు. అలాంటప్పుడు ఆ ఒక్క పడక సొమ్ముతో ఇద్దరికీ ప్రీమియం ఎకానమీ వస్తుందేమో కనుక్కోవాలి. రాకపోతే ఒకే వరసలో నడవాకు ఇటొకరు, అటొకరు కూర్చునేలా సీట్లు ముందే ఎంచుకోవాలి. వీల్‌చైర్ సాయానికి సాధారణంగా ఏ తరగతిలోనైనా డబ్బు అక్కర్లేదు, నడవడం కష్టమైతే టికెట్ చేసేటప్పుడే చెప్పాలి.