ఎవరికి ఈ పరీక్ష?

పది నెలలు నిండినా మా పాప పాకలేదు. కూర్చునే ముందుకు జరిగేది. "పొద్దస్తమానం నువ్వు పుస్తకం పట్టుక్కూర్చుంటే పిల్లకి పాకడం ఎవరు నేర్పుతారు?" అన్నారు మా అత్తగారు. టీకాలకి వెళ్ళినప్పుడూ అంతే. మెడ ఎప్పుడు నిలిపింది, బోర్లా ఎప్పుడు పడింది, ప్రశ్నలన్నీ నాకే. పక్కనే ఉన్న నా సహచరుణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం వెతికి చదివాను. మన దేశంతో సహా అయిదు దేశాల్లో 816 మంది పిల్లల్ని గమనించారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తనంతట తాను నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చట. 4.3 శాతం మంది అసలు మోకాళ్ళ మీద పాకనే లేదు. ఇంత విశాలమైన వ్యవధిని గడువుగా కుదించి తల్లి మెడకి చుట్టింది మనమే.

అలాగని పాతకాలమే మేలనలేను. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. అవి తేదీల్లేని పండగలే. పొయ్యి దగ్గర ఉడికింది మాత్రం ఆడవాళ్ళే.

పదమూడో నెలలో పాప నడిచింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. నడవకపోయి ఉంటే? ఆలస్యాన్ని త్వరగా గుర్తిస్తే బిడ్డకి సాయం అందుతుంది. ఆ పట్టిక ఉన్నది అందుకే. నేను మాత్రం దాన్ని నా నిర్దోషిత్వానికి సాక్ష్యంగా వాడుకున్నాను. అలా గెలిచినప్పుడు, నడక రాని బిడ్డ తల్లిని దోషిగా ఒప్పుకున్నట్టే కదా! అసలిక్కడ నేరమే లేదని ఆ రోజు అత్తగారితో అనాల్సింది.