వదిలిన పగ్గాలు

ఒక మంచి విద్య నేర్చుకొని ఏళ్ల తరబడి వదిలేసిన మనిషిని మళ్లీ దాని దగ్గరికి రాకుండా ఆపేది ఏమిటి? చేతకాదన్న భయమా? లేక చేతకానితనం నలుగురి కంట పడుతుందన్న సిగ్గా? పైకి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది అభ్యాసంతో పోతుంది. రెండవది మాత్రం మనిషిని మేలు నుండి శాశ్వతంగా దూరం చేయగలదు. ఈ తేడా మాకు ఒక గుర్రం ముందు నిలబడినప్పుడు తెలిసివచ్చింది.

పాత కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చిన మంథని మా ఊరు. మా తాతగారు టాంగా నడిపేవారు. సాయంత్రం బండి విప్పాక గోదావరి ఇసుకలో గుర్రాన్ని నడిపించే పని మాది. జీను లేకుండానే స్వారీ నేర్చుకున్నాం. పదమూడవ ఏట మద్రసాకు వెళ్లాం. తాతగారు పోయారు, గుర్రం అమ్ముడుపోయింది, టాంగాల చోట ఆటోలు వచ్చాయి. ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి.

గత చలికాలం ఒక నికాహ్ చదివించి బయటికి వస్తుంటే, పెళ్లిళ్లకు గుర్రం తిప్పే ఒక పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టారు. తాతగారి శిష్యుడాయన. పగ్గాలు చేతికందించి, "ఎక్కుండ్రి మౌల్సాబ్" అన్నారు. "ఇప్పుడు తీరిక లేదు చాచా" అన్నాం. అది నిజం కాదు. చుట్టూ మా వెనక నమాజు చేసే వాళ్లున్నారు. మౌల్వీ సాబ్ కింద పడితే ఏమనుకుంటారోనన్నదే అసలు కారణం. ఇంటికి వచ్చాక ఆ చిన్న అబద్ధం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ఆ రాత్రి హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) గారి వృత్తాంతం గుర్తుకు వచ్చింది. వృద్ధాప్యంలో కూడా ఆయన బాణాలు వేస్తూ రెండు గురుల మధ్య అటూ ఇటూ తిరుగుతుండేవారు. ఈ వయసులో ఇంత శ్రమ ఎందుకని ఒకరు అడిగారు. దైవప్రవక్త (స) నోట తాను విన్న ఒక మాటే లేకపోతే ఈ కష్టం పడేవాణ్ణి కాదని ఆయన జవాబిచ్చారు. విలువిద్య నేర్చుకొని దాన్ని వదిలేసినవాడు మనవాడు కాడన్నదే ఆ మాట సారాంశం (ముస్లిం). విలువిద్యతో పాటు స్వారీని కూడా అభ్యసించమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు.

సోదరులారా! ఈ హెచ్చరిక కఠినమైనదే. కాని అది ఎవరి మీద ఉందో గమనించండి. వదిలేయడం మీద ఉంది, తిరిగి రావడం మీద లేదు. అల్లాహ్ ఇచ్చిన నైపుణ్యం ఒక అమానతు. దాన్ని మూలన పడేయడం కృతఘ్నత. దివ్యఖుర్ఆన్‌లో అల్ ఆదియాత్ సూరా పరుగెత్తే గుర్రాల ప్రమాణంతో మొదలై, మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడన్న విషయానికి వస్తుంది. యజమాని కోసం దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయే జంతువును చూపించి అల్లాహ్ మనల్ని ఆలోచించమంటున్నాడు.

మరైతే తిరిగి వచ్చేవాడు ఎలా రావాలి? దీనికి సున్నత్‌లో చక్కని మార్గదర్శనం ఉంది. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందేలు పెట్టించారు. తర్ఫీదు పొంది ఒళ్లు గట్టిపడిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు దూరం నిర్ణయించారు. అది 5 లేక 6 మైళ్లు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యా నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు, అంటే సుమారు ఒక మైలు మాత్రమే నిర్ణయించారు (బుఖారీ). తయారుగా లేని గుర్రాన్ని ఆయన పందెం నుండి తొలగించలేదు. ఆరు మైళ్లు పరుగెత్తమని దాన్ని హింసించనూ లేదు. దాని శక్తికి తగిన దూరం దానికిచ్చారు.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారినీ చూడండి. అహ్మస్ తెగకు చెందిన 150 మంది ఆరితేరిన రౌతులకు ఆయన నాయకులు. తాను మాత్రం గుర్రం మీద నిలకడగా కూర్చోలేకపోయేవారు. ఆ లోపాన్ని దాచుకోకుండా దైవప్రవక్త (స)తో చెప్పుకున్నారు. ఆయన (స) జరీర్ ఛాతీ మీద చేత్తో తట్టి, స్థిరత్వం కోసం దుఆ చేశారు. ఆ తర్వాత తాను గుర్రం మీద నుండి ఎన్నడూ పడలేదని జరీర్ చెప్పారు (బుఖారీ). ఇక పడడం సిగ్గుచేటు అనుకునేవారికి మరో విషయం. స్వయంగా దైవప్రవక్త (స) ఒకసారి గుర్రం మీద నుండి పడ్డారు. కుడి పక్క గీసుకుపోయింది. పరామర్శకు వచ్చిన సహచరులకు కూర్చునే నమాజు చేయించారు (బుఖారీ, ముస్లిం).

మరునాడు ఫజ్ర్ తర్వాత చాచా దగ్గరికి వెళ్లి, నిన్న అబద్ధం చెప్పామని ఒప్పుకున్నాం. ఆయన నవ్వి గుర్రాన్ని గోదావరి వైపు నడిపించారు. 2019లో బ్యారేజీలు నిండాక అక్కడి ఇసుక తిన్నెలు నీటి కింద పడిపోయాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత అన్నారం, సుందిళ్ల బ్యారేజీలను కూడా ఖాళీ చేయడంతో ఇసుక మళ్లీ తేలింది. జీను బిగువు చూసి, దుఆ చదివి ఎక్కాం. పగ్గాలు పట్టే తీరు చేతులకు గుర్తుంది. తొడలకు మాత్రం బలం లేదు. పావుగంటకే కాళ్లు వణికాయి. అయినా దౌడు తీయించాలని మనసు ఉబలాటపడింది. "ఇయ్యాల నడిపిచ్చుడే మౌల్సాబ్, ఉరికిచ్చుడు తర్వాత" అని చాచా కళ్లెం వదల్లేదు. ఆయన ఆ హదీసు చదివి ఉండరు. కాని ఒక మైలు గుర్రానికి ఆరు మైళ్లు పెట్టకూడదని ఆయనకు తెలుసు.

అప్పుడే మాకు ఒక యువకుడు గుర్తుకు వచ్చాడు. చాలా ఏళ్లు నమాజుకు దూరంగా ఉండి ఒక జుమా నాడు మస్జిదుకు వచ్చాడు. "ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అని నలుగురి ముందు అన్నది మేమే. సరదాగా అన్నామనుకున్నాం. అతను మళ్లీ రాలేదు. ఇరవై మూడేళ్ల తర్వాత పగ్గాలు పట్టిన మమ్మల్ని చూసి చాచా అలాంటి ఒక్క మాట అని ఉంటే, మేమూ వెనుదిరిగి పోయేవాళ్లం.

మద్యం తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు. మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడవద్దన్నారు (బుఖారీ). తప్పు చేసినవాని విషయంలోనే ఇలా అయితే, మేలు వైపు అడుగు వేసినవాని విషయంలో మన నాలుక ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఒక మాట స్పష్టం చేయాలి. స్వారీ సున్నత్ అంటే రేసుకోర్సులో బెట్టింగు కాయడం కాదు, అది జూదమే. గొప్పలు చూపుకోవడానికి గుర్రం పెంచడమూ పాపభారమే. మూగజీవి ఆకలిని, అలసటను పట్టించుకోనివాడికి దాని వీపు మీద హక్కు లేదు.

ఖుర్ఆన్ పారాయణం వదిలేసినవారు, బంధువులతో మాటలు మానేసినవారు, నమాజుకు దూరమైనవారు మన ఇళ్లలోనే ఉన్నారు. వారు తిరిగి వస్తే ఒక మైలు దూరమే పెట్టండి. ఒక పేజీ, ఒక సలాం, ఒక పూట నమాజు. కొంచెమైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హదీసు సారాంశం. తిరిగి వచ్చేవారూ పాత వేగాన్ని మొదటి రోజే ఆశించవద్దు.

ఆ యువకుని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. "చూస్తాను సాబ్" అన్నాడు, అంతే. వస్తాడో రాడో అల్లాహ్‌కే తెలుసు. అతను వచ్చిన రోజు సలాం చెప్పి, పక్కన కొంచెం చోటివ్వడం మా బాధ్యత. వదిలిన మేలును తిరిగి పట్టుకునే ధైర్యాన్ని, తిరిగి వచ్చినవారిని ఆదరించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.