మాట్లాడరాని మిత్రుడు

సైన్యంలో చేరినవాడు మనలాంటి పౌరుడు కాకుండా పోతాడా? కొంతవరకు పోతాడనే మన రాజ్యాంగం అంటుంది. 33వ అధికరణం ప్రకారం సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించవచ్చు. క్రమశిక్షణ లేనిది సైన్యమే కాదు కనుక దాన్ని నేను తప్పు పట్టను. ఎంతవరకు తగ్గించాలన్నదే నా సందేహం.

1950 నాటి సైనిక చట్టంలో సమ్మరీ కోర్టు మార్షల్ అని ఒకటుంది. అందులో కమాండింగ్ అధికారి ఒక్కడే న్యాయస్థానం. మరో ఇద్దరు హాజరుగా ఉంటారు గాని వారికి ప్రమాణమూ లేదు, తీర్పులో పాలూ లేదు. ఆ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ గాని, అంతకు పైవాడు గాని అయితే ఏడాది జైలు వెయ్యవచ్చు, ఉద్యోగం తీసెయ్యవచ్చు. ముద్దాయి తనకు తోడుగా ఒకరిని పక్కన ఉంచుకోవచ్చు, వకీలైనా సరే. ఆ తోడు వచ్చినవాడు సలహా చెప్పవచ్చు, సాక్షిని ఏమడగాలో సూచించవచ్చు. తాను మాత్రం సాక్షిని ప్రశ్నించరాదు, కోర్టు ముందు వాదించరాదు. మరి అధికారులనూ, జూనియర్ కమిషన్డ్ అధికారులనూ ఈ కోర్టు విచారించజాలదు. వారిని విచారించే కోర్టుల్లో వకీలు నోరు విప్పవచ్చు. నోరున్నవాడికి వకీలు, లేనివాడికి మూగ నేస్తం!

1985 మార్చి నెలలో సిగ్నల్స్ విభాగపు జవాను ఒకడు అన్నం తినమన్న ఆజ్ఞను ధిక్కరించాడన్నారు. అప్పటికే అతడు పై అధికారులకు నేరుగా మొర పెట్టుకున్నందుకు 28 రోజుల శిక్ష అనుభవిస్తున్నాడు. మర్నాడే విచారణ. ఎవరి మీద మొర పెట్టుకున్నాడో ఆ అధికారి కూడా అక్కడ కూర్చున్నవారిలో ఉన్నాడు. 'వీరు విచారించడానికి నీకు అభ్యంతరమా?' అని చట్టప్రకారం అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఏడాది కఠిన శిక్ష, ఉద్యోగానికి ఉద్వాసన. అన్నం తినననడానికి ఏడాది జైలు! 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పక్షపాతానికి తావుందనీ, శిక్ష తప్పుకు మించిందనీ చెప్పింది.

సరిహద్దులో శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు వకీళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటామా అంటారు సైన్యంలో పనిచేసినవారు. నిజమే. కాని ఆ జవాను అన్నం మానేస్తే ఏ సరిహద్దు కూలింది? సమ్మరీ విచారణ అరుదుగానే జరగాలనీ, అంత తొందర ఎందుకో కారణాలు రాయాలనీ 2016లో సుప్రీంకోర్టే అన్నది.

ఇది మనకు పరాయి సంగతేమీ కాదు. హోసూరు పక్క పల్లెలో పుట్టినవాడికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పటాలంలో హిందీ. తాలూకా కచేరీలో ఒక అర్జీ పెట్టాలన్నా నోరున్న మనిషిని వెంట తీసుకుపోయే అలవాటు మనది. ఆ కుర్రవాణ్ణి నిలబెట్టి, రోజూ సెల్యూట్ కొట్టే అధికారి ఎదుటే, ఆయన సాక్షులను నువ్వే నిలదీసుకో అంటే ఏం నిలదీస్తాడు? ఆజ్ఞ పాటిస్తానని ప్రమాణం చేశాడు, నిజమే. తన పక్షం చెప్పుకోనని ఎప్పుడు చేశాడు?

సైనికులకు ఒక్క అప్పీలైనా లేదని 1982లో సుప్రీంకోర్టు బాధపడింది. 2007లో చట్టం చేసి సాయుధ దళాల ట్రిబ్యునల్ పెట్టారు. దాని బెంచి చెన్నైలోనూ ఉంది. అక్కడ వకీలు చక్కగా వాదించవచ్చు. అయితే ఆయన చేతిలో ఉండేవి చాలావరకు ఆ మొదటి గదిలో రాసిన కాగితాలే. ఆ రోజు సాక్షిని అడగని ప్రశ్న వాటిలో ఎక్కడా దొరకదు.