సూతుని పీఠం

ప్రాచీన సాహిత్యమూ శాస్త్రాలూ ఎవరి ఆస్తి? కాపాడినవారివని పండితులు అంటారు. పీడించినవారివి, కనుక మనకు అక్కర్లేదని మన విద్యార్థుల్లో చాలామంది అంటారు. పైకి ఈ రెండు జవాబులూ పరస్పర విరుద్ధాలు. కాని ఒక్క విషయంలో ఇరుపక్షాలకూ పూర్తి ఏకాభిప్రాయం ఉంది: ఆ గ్రంథాలు తక్కిన జనానివి కావు. ఈ ఏకాభిప్రాయం న్యాయమైనదేనా అని విచారించవలసి ఉంది.

అందుకు కాకుమాను, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం కంటె అనువైన చోటు దొరకదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయింది. పడమటి డెల్టాకు కాలువల నీరు వచ్చింది, వరి పండింది. మిగులు ధాన్యం ఉన్నచోటనే సభలు జరుగుతాయి. శాలువలూ సంభావనలూ గాలిలోంచి ఊడిపడవు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో గుంటూరు సీమలో అవధానాలూ, ఆశుకవితా ప్రదర్శనలూ జోరుగా సాగాయి. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడిచిన స్పర్ధ తెలుగు సాహిత్య చరిత్రలో ఒక ఘట్టమే అయింది.

ఆ ప్రజ్ఞను చిన్నబుచ్చనక్కరలేదు. అచ్చు యంత్రం లేని కాలంలో మనిషి జ్ఞాపకమే గ్రంథాలయం. అయితే ఆ సభ దేనిని కొలిచింది? ధారణను కొలిచింది, ధారను కొలిచింది. పృచ్ఛకుడంటే అడిగేవాడని అర్థం. కాని అతడు అడగదగినవన్నీ ముందే ఖరారయి ఉన్నాయి: సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన. ఈ ధర్మం ఎవరికి ధర్మం, ఎవరికి శిక్ష అని అడిగే పృచ్ఛకునికి ఆ వేదికమీద చోటు లేదు. ఆ సభకు బియ్యం పండించిన కూలీకి పందిరిలోనే చోటు లేదు.

తెనాలి పరీక్ష మరొక రకం విద్వద్వ్యవహారం. వ్యాకరణమో, న్యాయమో, మీమాంసో, వేదాంతమో గురువు దగ్గర చదివిన విద్యార్థి ఏళ్ల తరబడి, ఆరునెలలకొకసారి పరీక్షకు కూర్చుంటాడు. ఆ శ్రమ సామాన్యమైనది కాదు. ఆ విద్యలో ఎవరికి ప్రవేశం ఉండిందన్న ప్రశ్న మనం వేయవలసిందే. కాని మరొక ప్రశ్న మనకూ వేసుకోవాలి. మను స్మృతిని వేదికలమీద ఖండించే మనలో ఎందరు అందులో ఒక్క అధ్యాయమైనా మూలంతో సరిచూసుకుని చదివారు? చదవకుండా మొక్కడం భక్తి అయితే, చదవకుండా తిట్టడం తలకిందులైన భక్తి. రెండింటిలోనూ గ్రంథం మూసే ఉంటుంది.

తెరిచి చూస్తే ఏం కనబడుతుంది? బృహదారణ్యకంలో జనకుని సభ కనబడుతుంది. గార్గి ఒక ప్రశ్నమీద మరొక ప్రశ్న వేస్తూ పోతుంది. ఇక అతిగా అడిగితే నీ తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. వాదం ఆగినచోట బెదిరింపు మొదలయిందన్నమాట. కాని కథ అంతటితో ముగియలేదు. గార్గి మళ్లీ లేచి, సభ అనుమతితో మరి రెండు ప్రశ్నలు వేసింది. బెదిరింపునూ దాచలేదు, ఆమె మళ్లీ లేవడాన్నీ దాచలేదు ఆ గ్రంథం.

నైమిశారణ్యం సంగతి ఇంకా విచిత్రం. శౌనకాది మహర్షులు వినేవారు, సూతుడు చెప్పేవాడు. ధర్మశాస్త్రం లెక్కన క్షత్రియ పురుషునికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టిన ప్రతిలోమ జాతివాడు సూతుడు. ఏ పురాణాలను అడ్డుపెట్టుకొని కొందరి చెవులు మూశారో, ఆ పురాణాలే ప్రతిలోముని నోటినుండి వెలువడ్డాయి! ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నవాడు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943). తెనాలిలో తన ఇంటికి సూతాశ్రమమని పేరు పెట్టాడు, ‘సూతపురాణం’ రాశాడు. తపస్సు చేసిన నేరానికి చంపబడిన శంబూకుని పక్షాన నాటకం రాశాడు. సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో వివాహవిధిని కూర్చి, తానే పెళ్లిళ్లు జరిపించాడు. ఆయన పురాణాలను చదవకుండా పారవేసినవాడు కాదు. చదివాడు కనుకనే, ఆయనకు జవాబు చెప్పవలసిన అవసరం పండితులకు కలిగింది.

ఆ ప్రశ్నకు పరిమితి కూడా ఉంది. డెల్టా నీరు భూమి ఉన్న రైతు బిడ్డను బడికి పంపింది, ఆ చదువు అతనిచేత బ్రాహ్మణాధిక్యాన్ని ప్రశ్నింపజేసింది. ఆ పొలంలో నాట్లు వేసిన మాల మాదిగ పేటల ప్రశ్న వేరే గొంతు కోసం కాచుకుని ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ ఆ గొంతు. ఉభయభాషాప్రవీణ అయ్యాడు, కాళిదాసు మేఘసందేశం ఒరవడిని తీసుకుని 1941లో ‘గబ్బిలం’ రాశాడు. గుడిలోకి మనిషి పోరాదు, గబ్బిలం పోవచ్చు. ఆ గబ్బిలంచేతనే అస్పృశ్యుడు కాశీ విశ్వనాథునికి కబురు పంపాడు. కాళిదాసు దగ్గర అనుమతి తీసుకున్నాడా? అక్కరలేదు. ఛందస్సుకు కులం లేదని ఆయన రుజువు చేశాడు.

ఇక్కడ ఒక దళిత విద్యార్థి లేచి, నన్ను అవమానించిన పుస్తకానికి నా యవ్వనంలో పదేళ్లు ఎందుకివ్వాలి అని అడగవచ్చు. అడగడం పూర్తిగా న్యాయం. అతనిమీద ఆ బాధ్యత మోపే హక్కు ఎవరికీ లేదు; జాషువ చేసింది ఎంపిక గాని విధి కాదు. అందుచేత బాధ్యత ఉపాధ్యాయునిది. కోరుకున్నవాడికి తలుపు తెరిచి ఉండాలి, కోరనివాడికి సిగ్గుపడే పని ఉండరాదు. అనువాదాలు కావాలి, టీకలు కావాలి, పల్లె గ్రంథాలయాలు కావాలి. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనాన్ని స్థాపించినవారు ఈ సంగతి గ్రహించారు.

2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించింది. సంతోషమే. కాని ఈ గుర్తింపు పేరిట శాలువలు కప్పుకుని ఇళ్లకు పోయే సభలు మాత్రమే మిగిలితే, పాత దర్బారుకు కొత్త పందిరి వేసినట్లే. ఒక విద్వత్సభ నైతిక విలువను వేదికమీద ఉన్నవారి పాండిత్యంతో కొలవలేము. వెనక వరుసలోంచి లేచినవాడు ఏం అడగవచ్చు, అడిగినందుకు అతనికేం జరుగుతుంది అన్నదే కొలత. ఇక్కడి కళాశాలల్లో రేపు జరిగే ప్రాచీన సాహిత్య సదస్సుకు మన విద్యార్థులు పోవాలి. పుస్తకం చదివి పోవాలి. సన్మానాలు మొదలుకాకముందే చెయ్యెత్తి అడగాలి.